సొంత రికర్సివ్ డీఎన్‌ఎస్: పది వరుసల ఫైలు, దాని చుట్టూ అల్లుకున్న చిక్కులు

సైట్ల పేర్లని ఐపీ అడ్రసులుగా మార్చి చెప్పే వ్యవస్థ డీఎన్‌ఎస్. చిన్న ఆఫీసుల్లో, కాలేజీ ల్యాబుల్లో "మాకు సొంత డీఎన్‌ఎస్ సర్వర్ ఉంది" అంటే చాలాసార్లు అక్కడ ఉండేది ఫార్వార్డర్. వచ్చిన ప్రశ్నని గూగుల్ వారి 8.8.8.8కో, ఇంటర్నెట్ కంపెనీ ఇచ్చిన అడ్రసుకో అప్పగించి, వాళ్లు చెప్పిన జవాబే తెచ్చి ఇస్తుంది. ఇంట్లో వైఫై రౌటర్ చేసేదీ అదే. రికర్సివ్ రిజాల్వర్ పని వేరు. అది ఒకరి జవాబు అరువు తెచ్చుకోదు. రూట్ సర్వర్ల దగ్గర మొదలుపెట్టి, ఒక్కో మెట్టూ తనే అడుగుతూ, అసలు సొంతదారు సర్వర్ దాకా వెళ్తుంది.

"తెలంగాణ.గవ్.ఇన్" అనే పేరు తీసుకోండి. క్యాష్ (ముందు తెచ్చుకున్న జవాబుల నిల్వ) ఖాళీగా ఉంటే రిజాల్వర్ ముందు రూట్‌ని అడుగుతుంది. రూట్ జవాబు చెప్పదు, ".ఇన్ సర్వర్లు ఇవిగో" అని దారి మాత్రం చూపిస్తుంది. వాళ్లు ఇంకో మెట్టు కిందికి చూపిస్తారు. అలా దిగుతూ పోతే చివర్లో ఐపీ అడ్రసు దొరుకుతుంది. పేరులో ఉన్న ప్రతి చుక్కా ఒక విడి జోను, అంటే వేరే సర్వర్లకి అప్పగించిన భాగం, కానక్కర్లేదు. ఎక్కడ చేతులు మారుతున్నాయో చూడాలంటే, డీఎన్‌ఎస్ ప్రశ్నలు అడిగే డిగ్ ఆదేశానికి ప్లస్ ట్రేస్ తగిలించి అడిగితే మెట్లన్నీ వరసగా కనిపిస్తాయి. రికర్షన్ ఎలా నడుస్తుందో పట్టుబడటానికి ఇంతకన్నా మంచి పాఠం లేదు.

ఇంత శ్రమ ఎందుకు? వేగం కోసమైతే అంతగా అక్కర్లేదు. మొదటిసారి అడిగిన పేరుకి సొంత రిజాల్వర్, పెద్ద పబ్లిక్ రిజాల్వర్ కంటే నెమ్మదిగానే జవాబిస్తుంది, ఎందుకంటే వాళ్ల క్యాష్ ఎప్పుడూ నిండుగా ఉంటుంది. అసలు లాభాలు వేరే ఉన్నాయి. జవాబుల సంతకాలు మన దగ్గరే సరిచూసుకోవచ్చు. ఆఫీసులో ఎవరు ఏ సైటు చూస్తున్నారన్న జాబితా మొత్తం ఒకే బయటి కంపెనీ చేతిలో పడదు. లోపలి పేర్లు మన ఇష్టప్రకారం పెట్టుకోవచ్చు. మెయిల్ సర్వర్ నడిపేవాళ్లకైతే ఇది దాదాపు తప్పనిసరి. స్పామ్ పంపే అడ్రసుల జాబితాలు నడిపే స్పామ్‌హౌస్ లాంటి బ్లాక్‌లిస్టులు పబ్లిక్ రిజాల్వర్ల ద్వారా వచ్చిన ప్రశ్నలకి సరైన జవాబు ఇవ్వవు, 127.255.255.254 అనే ఎర్రర్ కోడ్ పంపిస్తాయి. దాన్ని "స్పామ్ అవును" అని అర్థం చేసుకునే మెయిల్ సర్వర్ మంచి ఉత్తరాలన్నీ వెనక్కి కొడుతుంది.

సాఫ్ట్‌వేర్ ఎంపిక దగ్గర ఎక్కువసేపు ఆగక్కర్లేదు. రికర్షన్ ఒక్కటే కావాలంటే నెదర్లాండ్స్‌కి చెందిన ఎన్‌ఎల్‌నెట్ ల్యాబ్స్ వారి అన్‌బౌండ్ చాలు. ఐఎస్‌సీ వారి బైండ్ కూడా ఈ పని బాగానే చేస్తుంది, కానీ సొంత జోన్లు ప్రపంచానికి వడ్డించే పనీ అందులోనే ఉంటుంది కాబట్టి మొదటిసారి చేసేవాళ్లు రెండు పాత్రలనీ కలిపేసుకుని తికమకపడతారు. డీఎన్‌ఎస్‌మాస్క్ ఫార్వార్డర్ మాత్రమే, దాన్ని ఈ పనికి లెక్కలోకి తీసుకోకూడదు. ఇక్కడ ఉదాహరణ అరవై కంప్యూటర్లున్న 192.168.10.0/24 నెట్‌వర్కు, డెబియన్ 12 లినక్స్ మీద అన్‌బౌండ్. ఒక గిగాబైట్ మెమరీ ఉన్న వర్చువల్ మెషీన్ సరిపోతుంది. దాని ఐపీ మాత్రం మారకుండా ఉండాలి, ఇక్కడ 192.168.10.2 అనుకుందాం.

ముందు 53వ పోర్టు ఖాళీ ఉందా?

ఇన్‌స్టాల్ చెయ్యడం ఒక్క ఆప్ట్ ఆదేశం. ఆ తర్వాత సర్వీసు లేవకపోతే చాలాసార్లు కారణం, డీఎన్‌ఎస్ ప్రశ్నలు వచ్చే 53వ పోర్టు వేరేవాళ్ల చేతిలో ఉండటమే. లాగులో "అడ్రస్ ఆల్రెడీ ఇన్ యూజ్" అన్న మాట కనిపిస్తుంది. ఉబుంటులో సిస్టమ్‌డీ-రిజాల్వ్‌డ్ 127.0.0.53 మీద కూర్చుని ఉంటుంది. వర్చువల్ మెషీన్లు నడిపే పెట్టెల్లో లిబ్‌వర్ట్ తెచ్చిపెట్టిన డీఎన్‌ఎస్‌మాస్క్ 192.168.122.1 మీద ఉంటుంది. ఎస్‌ఎస్ ఆదేశంతో ఎవరు పట్టుకున్నారో చూసుకోవాలి. అన్‌బౌండ్‌ని 0.0.0.0 మీద వినమంటే వీటితో గొడవ వస్తుంది. 127.0.0.1, 192.168.10.2 అని అడ్రసులు విడివిడిగా రాస్తే రాదు.

రిజాల్వ్‌డ్‌ని పూర్తిగా తప్పించాలనుకుంటే దాని కాన్ఫిగరేషన్‌లో డీఎన్‌ఎస్‌స్టబ్‌లిజనర్‌ని (127.0.0.53 మీద వినే స్టబ్ భాగం) "నో" చేసి, రిజాల్వ్.కాన్ఫ్ అనే ఫైలు పాత స్టబ్‌కి లింకుగా ఉంటే దాన్నీ మార్చాలి. వరస ముఖ్యం. ముందు అన్‌బౌండ్ ఇన్‌స్టాల్ చేసి, తర్వాతే స్టబ్ ఆపాలి. తలకిందులుగా చేస్తే ఆప్ట్‌కి ప్యాకేజీ సర్వర్ పేరు తెలుసుకునే దారే మిగలదు.

అడ్రసులు విడిగా రాయడంలో ఒక చిన్న ప్రమాదం ఉంది. కరెంటు పోయి వచ్చాక మెషీన్ లేస్తున్నప్పుడు నెట్‌వర్క్ కార్డుకి 192.168.10.2 ఇంకా రాకముందే అన్‌బౌండ్ లేస్తే, ఆ అడ్రసు లేదని ఆగిపోతుంది. "ఐపీ-ఫ్రీబైండ్: యెస్" అన్న వరుస దీనికి విరుగుడు.

ఎవరికి జవాబివ్వాలి

ప్యాకేజీ తెచ్చిన ప్రధాన ఫైలుని ముట్టుకోకుండా, ఈటీసీ కింద అన్‌బౌండ్ ఫోల్డరులో ఉన్న అన్‌బౌండ్.కాన్ఫ్.డి లో కొత్త ఫైలు పెట్టడం మంచి పద్ధతి. ఆదేశాల పేర్లు ఇక్కడ తెలుగు లిపిలో ఉన్నాయి, ఫైల్లో ఇంగ్లీషు చిన్నక్షరాల్లో, మధ్య గీతలతో సహా టైపు చెయ్యాలి.

సర్వర్:
    ఇంటర్‌ఫేస్: 127.0.0.1
    ఇంటర్‌ఫేస్: 192.168.10.2
    ఐపీ-ఫ్రీబైండ్: యెస్
    యాక్సెస్-కంట్రోల్: 127.0.0.0/8 అలౌ
    యాక్సెస్-కంట్రోల్: 192.168.10.0/24 అలౌ
    ప్రీఫెచ్: యెస్
    ఎంఎస్‌జీ-క్యాష్-సైజ్: 32ఎం
    ఆర్‌ఆర్‌సెట్-క్యాష్-సైజ్: 64ఎం
    వాల్-లాగ్-లెవెల్: 2
    లాగ్-సర్వ్‌ఫెయిల్: యెస్

ఖాళీలు ఎన్ని వదిలామన్నది అన్‌బౌండ్ పట్టించుకోదు, ఏ శీర్షిక కింద ఉన్నామన్నదే చూస్తుంది. "ఫార్వర్డ్-జోన్:" రాసిన తర్వాత కింద యాక్సెస్-కంట్రోల్ వరుస చేరిస్తే సింటాక్స్ ఎర్రర్ వస్తుంది, మళ్లీ "సర్వర్:" శీర్షిక పెట్టాలి. ప్రతి మార్పు తర్వాత అన్‌బౌండ్-చెక్‌కాన్ఫ్ నడిపి, అది తప్పుల్లేవన్నాకే రీస్టార్ట్ చెయ్యాలి.

యాక్సెస్-కంట్రోల్ ఈ ఫైలుకి ప్రాణం. సొంత మెషీన్‌ని తప్ప మిగతా అందరినీ తిరస్కరించడం అన్‌బౌండ్ స్వభావం. అది అలా ఉండటానికి గట్టి కారణం ఉంది. డీఎన్‌ఎస్ ప్రశ్నలు ఎక్కువగా యూడీపీలో (ముందు కనెక్షన్ పెట్టుకోకుండా ప్యాకెట్లు పంపే పద్ధతి) వెళ్తాయి, యూడీపీలో పంపినవాడి అడ్రసు అబద్ధం చెప్పడం తేలిక. దాడి చేసేవాడు బాధితుడి అడ్రసు వేసి చిన్న ప్రశ్న పంపిస్తే, ఎవరికైనా జవాబిచ్చే రిజాల్వర్ దానికి ఎన్నో రెట్లు పెద్ద జవాబుని బాధితుడి నెత్తిన పోస్తుంది. 2013 మార్చిలో స్పామ్‌హౌస్ మీద జరిగిన దాడి ఈ దారిలోనే వచ్చింది. అప్పట్లో సెకనుకు దాదాపు 300 గిగాబిట్లని వార్తలొచ్చాయి. ఇంటర్నెట్లో దొరికే చిట్కాల్లో "0.0.0.0/0 అలౌ" అన్న వరుస ఇప్పటికీ కనిపిస్తూనే ఉంటుంది. పబ్లిక్ ఐపీ ఉన్న క్లౌడ్ మెషీన్ మీద అది రాయడమంటే ఆ దాడుల్లో ఒక చెయ్యి వెయ్యడమే. సర్వర్ నిజంగా మూసుకుందా అన్నది ఫోన్‌లో మొబైల్ డేటా మీద నుంచి, పబ్లిక్ ఐపీని అడిగి చూసి తేల్చుకోవాలి. ఆఫీసు వైఫై లోపలినుంచి చేసిన పరీక్ష ఈ సంగతి చెప్పదు.

ఐపీవీ6ని మరిచిపోవడం ఇంకో మామూలు పొరపాటు. రౌటర్ ప్రతి ఫోనుకీ ఐపీవీ6 అడ్రసు ఇస్తుంటే, రిజాల్వర్ కూడా ఐపీవీ6 మీద వింటుంటే, ఆ ప్రిఫిక్సుకి విడిగా యాక్సెస్-కంట్రోల్ వరుస రాయాలి. రాయకపోతే అదే గదిలో ల్యాప్‌టాప్‌కి నెట్ వస్తుంది, ఫోనుకి రాదు.

"నెట్ రావట్లేదు" లో నాలుగు రకాలు

వాడేవాళ్లు చెప్పే ఫిర్యాదు ఒక్కటే. డిగ్ పెట్టి చూస్తే మాత్రం అందులో నాలుగు రకాలు కనిపిస్తాయి, ఏ రకమో తెలిస్తే సగం పని అయిపోయినట్టే. జవాబే రాకుండా టైమ్‌అవుట్ అయితే ప్రశ్న సర్వర్‌కి చేరలేదు: ఇంటర్‌ఫేస్ వరుస, ఫైర్‌వాల్, కేబుల్ చూసుకోవాలి. రెఫ్యూజ్డ్ వస్తే చేరింది కానీ అడిగే హక్కు లేదు, యాక్సెస్-కంట్రోల్ చూడాలి. సర్వ్‌ఫెయిల్ వస్తే రిజాల్వర్ ప్రయత్నించి ఓడిపోయింది, లేదా దొరికిన జవాబుని నమ్మలేదు. ఎన్‌ఎక్స్‌డొమైన్ వస్తే అలాంటి పేరు లేదని ఎవరో ఖచ్చితంగా చెప్పారు. ఆ చెప్పిన "ఎవరో" మన సొంత కాన్ఫిగరేషనే కావచ్చు.

ఇవి కాక "రిప్లై ఫ్రమ్ అన్‌ఎక్స్‌పెక్టెడ్ సోర్స్" అని డిగ్ గొణిగితే, మెషీన్‌కి రెండు ఐపీలుండి 0.0.0.0 మీద వింటోందని, ప్రశ్న ఒక అడ్రసుకి వస్తే జవాబు ఇంకో అడ్రసు నుంచి వెళ్తోందని అర్థం. అడ్రసులు విడిగా రాస్తే ఇదీ పోతుంది.

కష్టపెట్టేది సర్వ్‌ఫెయిల్. పై ఫైల్లో చివరి రెండు వరుసలూ దానికోసమే. అవి ఉంటే లాగులో కారణం మాటల్లో కనిపిస్తుంది: సంతకం గడువు తీరిందనో, సర్వర్లు ఏవీ పలకలేదనో. లాగుని సిస్టమ్ జర్నల్‌కే వదిలెయ్యడం మేలు. విడి ఫైలు కావాలని ఎక్కడపడితే అక్కడ దారి రాస్తే, ఏ ప్రోగ్రాము ఏ ఫైళ్లు ముట్టుకోవచ్చో చూసే యాప్‌ఆర్మర్ అడ్డుకుంటుంది, ఫోల్డర్ అనుమతులన్నీ సరిగ్గానే ఉన్నా ఫైలు ఎందుకు రావట్లేదో తెలియక గంటలు గడిచిపోతాయి.

సంతకాలు, తాళంచెవి, గడియారం

డీఎన్‌ఎస్‌సెక్, అంటే జవాబుల మీద ఉండే డిజిటల్ సంతకాలు, సరిచూడాలంటే రిజాల్వర్ దగ్గర రూట్ పబ్లిక్ కీ ఉండాలి. డెబియన్ ప్యాకేజీ దాన్ని తనంతట తనే అమర్చుకుంటుంది, అందుకు విడి ఫైలు అదే ఫోల్డరులో ఉంటుంది. ఏదో గైడ్ చూసి "ఆటో-ట్రస్ట్-యాంకర్-ఫైల్" వరుసని మళ్లీ రాస్తే "ట్రస్ట్ యాంకర్ ప్రెజెంటెడ్ ట్వైస్" అన్న ఎర్రర్ వస్తుంది. రెండోది తీసేస్తే సరి.

ఆ కీ ఫైలుని అన్‌బౌండ్ చదవడమే కాదు, రాయగలగాలి కూడా. రూట్ కీ ఎప్పటికీ ఒకటే ఉండదు. 2010లో మొదలైన కీని 2018 అక్టోబర్ 11న 20326 ట్యాగ్ ఉన్న కీకి మార్చారు. తర్వాతి కీ 38696 ట్యాగ్‌తో 2025 జనవరిలో రూట్ జోన్‌లో కనిపించింది, దానితో సంతకాలు మొదలుపెట్టే తేదీగా 2026 అక్టోబర్ 11ని నిర్ణయించారు. కొత్త కీ కనిపించగానే అన్‌బౌండ్ నమ్మదు, 30 రోజులు గమనించి అప్పుడు ఫైల్లో నమ్మకమైనదిగా రాసుకుంటుంది. ఫైలు చదవడానికి మాత్రమే అనుమతి ఉన్నచోట, లేదా రీబూట్ అయినప్పుడల్లా పాత స్థితికి వెళ్లే కంటైనర్లలో ఈ గుర్తు నిలవదు. మార్పు జరిగిన రోజు అక్కడ ప్రతి పేరుకీ సర్వ్‌ఫెయిలే వస్తుంది. వార్ లిబ్ కింద అన్‌బౌండ్ ఫోల్డరులోని రూట్.కీ ఫైలు తెరిచి 20326తో పాటు 38696 కూడా ఉందో లేదో చూసుకోవడం నిమిషం పని.

గడియారం సంగతి ఇంతకన్నా తరచుగా ఎదురవుతుంది. ప్రతి సంతకానికీ మొదలు, ముగింపు తేదీలుంటాయి. రాస్ప్‌బెర్రీ పై 4, అంతకు ముందు మోడళ్లలో బ్యాటరీతో నడిచే గడియారం లేదు. ఎక్కువ కాలం ఆపి ఉంచి లేపితే అవి పాత తేదీలో ఉంటాయి. సంతకాలన్నీ ఇంకా మొదలుకానట్టు కనిపిస్తాయి, అన్నీ సర్వ్‌ఫెయిల్ అవుతాయి. టైమ్ సర్వర్‌ని అడిగి తేదీ సరిచేసుకుందామంటే ఆ సర్వర్ పేరుకీ డీఎన్‌ఎస్ కావాలి. పెళ్లి కుదిరితే గానీ పిచ్చి కుదరదు, పిచ్చి కుదిరితే గానీ పెళ్లి కుదరదన్న వరస. టైమ్ సర్వర్లలో కనీసం ఒకదాన్ని పేరుతో కాక ఐపీతో ఇవ్వడం, లేదా సంతకాలు చూడొద్దని ఆ డొమైన్‌ని "డొమైన్-ఇన్‌సెక్యూర్" కింద రాయడం రెండూ పనిచేస్తాయి.

సరిచూడటం జరుగుతోందా అన్నది రెండు ప్రశ్నలతో తేలుతుంది. "డీఎన్‌ఎస్‌సెక్-ఫెయిల్డ్.ఆర్గ్" అనే పేరుని కావాలనే చెడు సంతకంతో ఉంచారు. దానికి సర్వ్‌ఫెయిల్ రావాలి, ప్లస్ సీడీ తగిలించి అడిగితే అడ్రసు రావాలి. మంచి సంతకమున్న ఏ పేరుకైనా జవాబు ఫ్లాగుల్లో "ఏడీ" కనిపించాలి. మొదటిదానికి కూడా మామూలుగా అడ్రసు వచ్చేస్తుంటే సరిచూడటం జరగట్లేదు.

రూట్ సర్వర్ల జాబితా గురించి మాత్రం ఇంత జాగ్రత్త అక్కర్లేదు. ఏ నుంచి ఎం దాకా 13 పేర్ల అడ్రసులు అన్‌బౌండ్ లోపలే ఉంటాయి. నెలనెలా ఆ ఫైలు దించుకునే క్రాన్ జాబులు (వేళకి తమంతట నడిచే పనులు) ఎన్నో గైడ్లలో కనిపిస్తాయి, కానీ అవి లేకపోయినా ఏమీ కాదు. బీ-రూట్ అడ్రసు 2023 నవంబర్‌లో మారింది, పాత జాబితాలున్న రిజాల్వర్లు ఆగలేదు. లేవగానే జాబితాలో పలికిన ఏ ఒక్క సర్వర్‌నైనా అడిగి తాజా జాబితా తెచ్చుకుంటాయి. దించుకునే స్క్రిప్టు ఏదో ఒక రోజు ఖాళీ ఫైలు తెచ్చిపెడితే వచ్చే నష్టమే పెద్దది.

బయటికి వెళ్లే దారి

ఫైర్‌వాల్‌లో లోపలికి 53 తెరవడం అందరికీ గుర్తుంటుంది. బయటికి వెళ్లే దారిలో యూడీపీ, టీసీపీ రెండూ 53కి తెరిచి ఉండాలి. డీఎన్‌ఎస్ అంటే యూడీపీ అని నేర్చుకున్నవాళ్లు టీసీపీ మూసేస్తారు. అప్పుడు దాదాపు అన్నీ పనిచేస్తాయి, పెద్ద జవాబులున్న కొన్ని పేర్లు మాత్రం వేలాడతాయి. ఏ పేర్లకి వస్తుందో ఒక తీరు దొరకదు కాబట్టి ఈ తప్పు నెలల తరబడి దాక్కుంటుంది. యూడీపీ జవాబు పరిమాణం 1232 బైట్లకి మించకూడదన్నది 2020 నుంచి పరిశ్రమలో ఎక్కువమంది పాటిస్తున్న అంకె. ఐపీవీ6లో ప్రతి లైనూ మోయగలగాల్సిన 1280 బైట్ల ప్యాకెట్ నుంచి 40, 8 బైట్ల హెడర్లు తీసేస్తే వచ్చేదే అది. కొత్త అన్‌బౌండ్‌లో ఇదే డిఫాల్టు. పాత గైడ్లు చూసి 4096 రాస్తే ప్యాకెట్లు ముక్కలవుతాయి, ముక్కలని పారేసే ఫైర్‌వాళ్లు దారిలో తక్కువేం లేవు.

బయటికి వెళ్లే ప్రశ్నలకి సోర్స్ పోర్టు ఒకటే ఉండాలని ఫైర్‌వాల్ చూసేవాళ్లు అడిగితే ఒప్పుకోకూడదు. 2008లో భద్రతా పరిశోధకుడు డాన్ కామిన్‌స్కీ చూపించిన లోపం అక్కడిదే. ప్రశ్నకి ఉండే గుర్తు సంఖ్య 16 బిట్లు, అంటే 65,536 రకాలే. పోర్టు కూడా ఊహించగలిగితే దొంగ జవాబుని క్యాష్‌లోకి దూర్చడం తేలికైపోతుంది. పోర్టు ప్రతిసారీ మారుతుంటే ఊహించాల్సిన లెక్క వేల రెట్లు పెరుగుతుంది. అన్‌బౌండ్ సక్రమంగా మారుస్తున్నా మధ్యలో ఉన్న నాట్ పరికరం (లోపలి అడ్రసులని బయటి అడ్రసుగా మార్చేది) వాటిని వరస అంకెలుగా మార్చి పాడుచెయ్యొచ్చు. చవక రౌటర్లలో ఇంకో ఇబ్బంది, రికర్షన్ తెరిచే వందల చిన్న కనెక్షన్లకి వాటి నాట్ పట్టిక నిండిపోయి నెట్ మొత్తం మందగిస్తుంది.

కొన్ని ఇంటర్నెట్ కంపెనీలు 53వ పోర్టు ప్రశ్నలని ఎవరికి పంపినా పట్టుకుని తమ సర్వర్‌తోనే జవాబు చెప్పిస్తాయి. కనిపెట్టడం సులువు. 192.0.2.1 అనే అడ్రసు పుస్తకాల్లో ఉదాహరణల కోసం పక్కనపెట్టింది, అక్కడ ఏ సర్వరూ ఉండదు. దాన్ని డిగ్‌తో అడిగినప్పుడు జవాబు వచ్చిందంటే దారిలో ఎవరో కూర్చున్నట్టే. అలాంటి లైను మీద రికర్షన్ సరిగ్గా నడవదు. కంపెనీ ఒప్పుకోకపోతే, చుక్క పేరుతో (అన్ని పేర్లూ అని అర్థం) ఫార్వర్డ్-జోన్ పెట్టి, టీఎల్‌ఎస్ అనే గుప్తలిపి పద్ధతి ద్వారా 853వ పోర్టు మీద క్వాడ్9 లాంటి పబ్లిక్ రిజాల్వర్లకి పంపాలి. "టీఎల్‌ఎస్-సర్ట్-బండిల్" వరుస, అడ్రసు పక్కన వాళ్ల సర్వర్ పేరు రెండూ ఉంటేనే అవతల ఉన్నది వాళ్లేనని తేలుతుంది. అలా చేశాక మన సర్వర్ మళ్లీ ఫార్వార్డరే, ఆ సంగతి ఒప్పుకుని వాడుకోవాలి.

క్యాష్ విషయంలో తక్కువ చేస్తే ఎక్కువ

ఎంఎస్‌జీ (పూర్తి జవాబులు), ఆర్‌ఆర్‌సెట్ (వాటిలోని రికార్డులు) అనే రెండు క్యాష్‌లకీ డిఫాల్టు 4 మెగాబైట్లు, అరవై కంప్యూటర్లకి చిన్నది. ఆర్‌ఆర్‌సెట్ క్యాష్‌ని ఎంఎస్‌జీ క్యాష్‌కి రెట్టింపు ఇవ్వడం అన్‌బౌండ్ వారి సలహా. అసలు వాడే మెమరీ మాత్రం రాసిన అంకెకి రెండు, రెండున్నర రెట్ల దాకా వెళ్తుంది. 32, 64 రాస్తే 240 మెగాబైట్లు పక్కన పెట్టుకోవాలి. ప్రీఫెచ్ వేస్తే, జవాబు క్యాష్‌లో ఉండే గడువులో చివరి పదోవంతులో ఎవరైనా ఆ పేరు అడిగినప్పుడు వెనకాల తాజా జవాబు తెచ్చిపెడుతుంది. ట్రాఫిక్ కొంచెం పెరుగుతుంది, ఉపయోగం దానికి తగ్గట్టే ఉంటుంది. ఈ పరిమాణానికి థ్రెడ్లు, స్లాబులు ముట్టుకోనక్కర్లేదు.

"క్యాష్-మిన్-టీటీఎల్"ని (జవాబుని క్యాష్‌లో ఉంచే కనీస గడువు) గంటకి పెంచమనే చిట్కాకి మాత్రం దూరంగా ఉండాలి. పెద్ద సైట్లు 30, 60 సెకన్ల గడువు పెట్టేది ఒక సర్వర్ పడిపోతే జనాన్ని ఇంకోదానికి మళ్లించడానికి. గంట పట్టుకుని కూర్చుంటే ఊరంతా సైటు తెరుచుకున్నా మన ఆఫీసులో మాత్రం తెరుచుకోదు. లేదన్న జవాబులూ క్యాష్‌లో ఉంటాయి, గరిష్ఠంగా 3600 సెకన్లు. కొత్త పేరు సర్వర్లో పెట్టకముందే ఆత్రంగా నాలుగుసార్లు బ్రౌజర్లో కొట్టి చూసేవాళ్లకి, పెట్టిన తర్వాత కూడా గంట దాకా కనిపించకపోవడానికి కారణం అదే.

లైన్లు తరచుగా పడిపోయే చోట "సర్వ్-ఎక్స్‌పైర్డ్: యెస్" పనికొస్తుంది. అసలు సర్వర్ పలకనప్పుడు గడువు తీరిన జవాబే 30 సెకన్ల కొత్త గడువుతో ఇస్తుంది. దానితోపాటు "సర్వ్-ఎక్స్‌పైర్డ్-టీటీఎల్: 86400", "సర్వ్-ఎక్స్‌పైర్డ్-క్లయింట్-టైమ్‌అవుట్: 1800" రాయాలి. డెబియన్ 12లో ఉన్న అన్‌బౌండ్ మొదటిది లేకపోతే ఎంత పాతదైనా ఇచ్చేస్తుంది. రెండోది ఉంటే ముందు 1.8 సెకన్లు తాజా జవాబు కోసం ప్రయత్నించి, దొరక్కపోతేనే పాతది తీస్తుంది.

లోపలి పేర్లు: ఎక్కువ సమయం తినేది ఇదే

ప్రింటర్‌కీ, ఫైల్ సర్వర్‌కీ పేర్లు పెట్టాలంటే ముందు చివరి భాగం ఏమిటో తేల్చుకోవాలి. ".లోకల్" వద్దు, అది మల్టీకాస్ట్ డీఎన్‌ఎస్‌ది, అంటే ఒకే నెట్‌వర్కులోని పరికరాలు సర్వర్ లేకుండా ఒకదాన్నొకటి అడిగే పద్ధతిది. యాపిల్ పరికరాలు, చాలా లినక్స్ మెషీన్లు దాన్ని సర్వర్‌ని అడగనే అడగవు. ఇళ్లకోసం "హోమ్.ఆర్పా" ఉంది, 2024లో ఇంటర్నెట్ పేర్ల వ్యవస్థని చూసే ఐకాన్ సంస్థ ".ఇంటర్నల్"ని కూడా ప్రైవేటు వాడకానికి కేటాయించింది.

పేర్లు పదీ ఇరవై ఉంటే లోకల్-జోన్, లోకల్-డేటా వరుసలు చాలు. జోన్ రకం దగ్గర చూసుకోవాలి. "స్టాటిక్" అంటే ఇక్కడ రాసినవి తప్ప ఆ డొమైన్‌లో ఇంకేమీ లేవని చెప్పడం. కంపెనీ పబ్లిక్ డొమైన్‌లో మెయిల్ సర్వర్‌కి ఒక్కదానికే లోపలి ఐపీ ఇవ్వాలని ఆ డొమైన్ మొత్తాన్ని స్టాటిక్ చేస్తే, వెబ్‌సైటు ఆఫీసులో ఎన్‌ఎక్స్‌డొమైన్ అయిపోతుంది. "ట్రాన్స్‌పరెంట్" అయితే రాయని పేర్లు బయటికి వెళ్తాయి. అందులోనూ ఒక మెలిక ఉంది: రాసిన పేరుకి అడ్రసు రికార్డు మాత్రమే ఉంటే, అదే పేరుకి ఎంఎక్స్ (మెయిల్ సర్వర్ ఏదో చెప్పే రికార్డు) అడిగితే ఖాళీ జవాబు వస్తుంది. అదీ బయటికి వెళ్లాలంటే "టైప్‌ట్రాన్స్‌పరెంట్" కావాలి.

తెలుగు లిపిలో ".భారత్" తో ముగిసే డొమైన్లకి వరుసలు రాసేటప్పుడు ఇంకో సంగతి తెలిసి ఉండాలి. బ్రౌజర్ ఆ పేరుని ప్యూనీకోడ్‌లోకి (ఇంగ్లీషు అక్షరాలు, అంకెలతో రాసే రూపం) మార్చాకే రిజాల్వర్‌కి పంపుతుంది. లోకల్-జోన్‌లో నేరుగా తెలుగు అక్షరాలు రాస్తే ఎప్పటికీ కలవవు. ఐడీఎన్2 ఆదేశంతో మార్చిన రూపమే రాయాలి, లాగులోనూ ఆ రూపమే కనిపిస్తుంది.

ఆఫీసు కంప్యూటర్లు, లాగిన్లు చూసే మైక్రోసాఫ్ట్ యాక్టివ్ డైరెక్టరీ ఉన్నచోట ఆ డొమైన్ ప్రశ్నలని దాని సర్వర్‌కే (డొమైన్ కంట్రోలర్) పంపాలి. స్టబ్-జోన్ "నీకు తెలిసిందే చెప్పు" అని అడుగుతుంది, ఫార్వర్డ్-జోన్ "తెలుసుకుని చెప్పు" అని అడుగుతుంది. డొమైన్ కంట్రోలర్ తన జోన్‌కి సొంతదారు కాబట్టి స్టబ్ సరైనది. ఇక్కడ మూడు గోడలు ఒకదాని తర్వాత ఒకటి అడ్డొస్తాయి. డొమైన్ ".ఇంటర్నల్"లో ఉంటే, అలాంటిది లేదని రూట్ సంతకం చేసి మరీ చెబుతుంది కాబట్టి అన్‌బౌండ్ లోపలి జవాబుని నమ్మక సర్వ్‌ఫెయిల్ ఇస్తుంది, "డొమైన్-ఇన్‌సెక్యూర్" కింద ఆ పేరు రాయాలి. బయటి పేరుకి లోపలి ఐపీ చూపించి మోసం చేసే డీఎన్‌ఎస్ రీబైండింగ్ దాడులని ఆపడానికి "ప్రైవేట్-అడ్రస్: 192.168.0.0/16" పెట్టుకుని ఉంటే స్టబ్ నుంచి వచ్చిన లోపలి ఐపీలని కూడా తీసేస్తుంది; "ప్రైవేట్-డొమైన్"లో మినహాయింపు ఇవ్వాలి. ఇక ఐపీ నుంచి పేరు వెతికే రివర్స్ జోన్. ప్రైవేటు అడ్రసుల రివర్స్ ప్రశ్నలు ఇంటర్నెట్‌లోకి పోకుండా అన్‌బౌండ్ తనే ఎన్‌ఎక్స్‌డొమైన్ చెప్పేస్తుంది. స్టబ్ రాసినా అది మారదు, ఎందుకంటే లోకల్-జోన్ మాట ముందు చెల్లుతుంది. "168.192.ఇన్-యాడర్.ఆర్పా" పేరుకి "నోడిఫాల్ట్" అని రాస్తేనే స్టబ్‌కి దారి వదులుతుంది. దీన్ని తెలియక డొమైన్ కంట్రోలర్ మీద తప్పు వెతికేవాళ్లే ఎక్కువ.

ప్రకటనలని ఆపే పైహోల్‌తో కలిపి వాడేవాళ్లు అన్‌బౌండ్‌ని 127.0.0.1 మీద 5335 పోర్టులో పెట్టుకుంటారు, యాక్సెస్-కంట్రోల్ లెక్కలన్నీ అప్పుడు పైహోల్ వైపుకి వెళ్లిపోతాయి. బైండ్ వాడితే పేర్లు మారతాయి, ఆలోచన అదే: "అలౌ-రికర్షన్"లో లోపలి నెట్‌వర్కులు, "లిజన్-ఆన్"లో అడ్రసులు, "డీఎన్‌ఎస్‌సెక్-వ్యాలిడేషన్ ఆటో", ఫార్వార్డర్లు ఖాళీ, తర్వాత నేమ్‌డ్-చెక్‌కాన్ఫ్.

డీహెచ్‌సీపీలో రెండో అడ్రసు

అన్నీ అయ్యాక, పరికరాలకి అడ్రసులు పంచే డీహెచ్‌సీపీలో డీఎన్‌ఎస్ అడ్రసులు ఇచ్చేటప్పుడు చేసే పొరపాటు పై పనంతటినీ పాడుచేస్తుంది. మొదటిది 192.168.10.2, "సేఫ్టీకి" రెండోది 8.8.8.8. వాడే పరికరాలు రెండోదాన్ని అత్యవసరానికే వాడతాయన్న హామీ లేదు, ఎప్పుడైనా దేన్నైనా అడగొచ్చు. ప్రింటర్ పేరు గూగుల్‌ని అడిగిన రోజు అది లేదంటుంది, ఆ జవాబు కాసేపు నిలిచిపోతుంది. ఉదయం పనిచేసింది, మధ్యాహ్నం చెయ్యట్లేదన్న ఫిర్యాదుల మూలం ఎక్కువగా ఇక్కడే ఉంటుంది. రెండోది కావాలంటే అదే కాన్ఫిగరేషన్‌తో వేరే మెషీన్ మీద ఇంకో అన్‌బౌండ్ ఉండాలి. ఒక్కటే ఉన్నప్పుడు ఒక్కటే ఇవ్వాలి. లినక్స్ మెషీన్లలో మొదటి సర్వర్ పలకకపోతే రెండోదానికి వెళ్లేముందు 5 సెకన్లు ఆగుతుందని కూడా గుర్తుంచుకోవాలి. సర్వర్ ఒకటి చచ్చిపోతే "నెట్ స్లో" అని వినిపించేది అందుకే.

బ్రౌజర్లు, ఫోన్లు సొంతంగా బయటి రిజాల్వర్‌ని ఎంచుకోవడం ఇంకో కన్నం. "యూజ్-అప్లికేషన్-డీఎన్‌ఎస్.నెట్" పేరుకి ఎన్‌ఎక్స్‌డొమైన్ ఇస్తే ఫైర్‌ఫాక్స్ తనంతట తాను ఆన్ చేసుకున్న గుప్త డీఎన్‌ఎస్‌ని ఆపుతుంది, వాడేవారు చేత్తో ఆన్ చేసుకుంటే మాత్రం ఆపదు. ఆండ్రాయిడ్‌లో ప్రైవేట్ డీఎన్‌ఎస్‌కి ఒక పేరు రాసి ఉంటే ఆ ఫోను మన సర్వర్ దగ్గరికి రాదు, లోపలి పేర్లు దానికి తెరుచుకోవు.

రోజువారీ నడిపేటప్పుడు రీస్టార్ట్ అలవాటు చేసుకోకపోవడం మంచిది, క్యాష్ అంతా పోయి అందరికీ కాసేపు మందగిస్తుంది. ఒక డొమైన్ పాత అడ్రసు చూపిస్తోందంటే అన్‌బౌండ్-కంట్రోల్‌లో ఫ్లష్_జోన్ పక్కన ఆ పేరు ఇస్తే దాని వరకే తుడిచేస్తుంది. లుకప్ పక్కన ఇస్తే ఆ పేరుకోసం ఏ సర్వర్లని అడగబోతోందో, ఏది ఎన్ని మిల్లీసెకన్లు తీసుకుంటోందో చెబుతుంది. సర్వ్‌ఫెయిల్ ఒక్క డొమైన్‌కే వస్తుంటే ముందు చూడాల్సింది ఆ జాబితానే.